నాలుగోవాడి అప్పగింత

మాస్టారి ఇంటి మేడమీద రెండు గదులు. ఒకటి పడకగది, రెండోది పాఠాల గది. రెంటికీ మధ్య పలచని గోడ. పాఠాల గదిలో మూడు గోడల నిండా పుస్తకాలు, నాలుగో గోడకు వీధివైపు కిటికీ, కిటికీ కింద బల్ల, బల్లమీద కంప్యూటరు. ఎదుటి వరసలో సైకిళ్ళు బాగుచేసే కొట్టు. అక్కడి గాలిపంపు రోజంతా ఊపిరి పీలుస్తూ వదులుతూ ఉండేది. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపూ లోకం సవ్యంగా ఉన్నట్టేనని మాస్టారి నమ్మకం. ఆయన నమ్మకాల్లో ఆధారం లేనిది అదొక్కటే.

ఆయన చెప్పేది చరిత్ర, అదీ ఆన్‌లైన్ కోర్సులో. విద్యార్థులు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, ఒకే వేళకు రారు. ఒకరు పనికి పోయేముందు పాఠం వింటారు, ఒకరు డ్యూటీ దిగాక వింటారు, ఇంకొకరు లారీని సరుకు వరసలో నిలిపి వింటారు. అలాంటివాళ్ళను నలుగురేసి ఒక జట్టుగా కట్టి, కలిసి ఒక వ్యాసం రాయమంటే ఏమవుతుంది? ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత ఊరికే పుట్టలేదు. మొదటివాడు రెండోవాడు మొదలుపెడతాడని ఎదురుచూస్తాడు. రెండోవాడు తనను ఎవరైనా పిలుస్తారని ఎదురుచూస్తాడు. మూడోవాడు ఎదురుచూడటం కూడా మానేస్తాడు. గడువు దగ్గరపడ్డాక అందరూ ఏకమై మాస్టారిని తిడతారు. తన విద్యార్థులు కలిసికట్టుగా చేసిన పని అదొక్కటేనని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవారు.

ఈ రోగానికి మందు ఆయనకు ఒక పాత కథలో దొరికింది.

ఒకప్పుడు ఒక కోట ముట్టడిలో ఉంది. దాని మూల బురుజు మీద నలుగురు కాపలాదారులు వంతులవారీగా పహరా కాసేవారు. బురుజు మీది కాపలా గూట్లో ఇద్దరు నిలిచే చోటు లేదు. దిగవలసినవాడు పైనుంచి "నా వంతు తీరింది, నీ వంతు వచ్చింది" అని కేక వెయ్యాలి. ఎక్కవలసినవాడు కిందినుంచి "అందుకున్నాను" అని బదులు పలకాలి. బదులు వినబడేదాకా పైవాడు కదలరాదు. ఒకనాడు నాలుగోవాడు కునుకు తీశాడు. తక్కిన ముగ్గురూ అతణ్ణి పట్టుకుని, మళ్ళీ గోడ పట్టుకుని ఎక్కకుండా వేళ్ళన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి విరిచి, గొంతు నలిపి, బురుజు మీదినుంచి కిందికి విసిరారు. మనిషి తగ్గాడని దళపతికి తెలిస్తే తమ తలలుండవు. అందుకని అతని వంతు కూడా తామే కాశారు. అతని వేళకు అతని గొంతు పెట్టుకుని కేక వేశారు, అతని గొంతుతోనే బదులు పలికారు. కొన్నాళ్ళకు ఆ గొంతు ఎవరూ పెట్టకుండానే పలకడం మొదలుపెట్టిందట. ఆ కేకకు బదులు పలికినవాడల్లా వేళ్ళు విరిగి, మెడ నలిగి, బురుజు కింద దొరికాడట.

చివరి భాగాన్ని మాస్టారు ఒప్పుకోలేదు. శత్రువులు గోడెక్కి ముగ్గురినీ చంపి ఉంటారని, తరువాత ఎవడో దానికి దెయ్యపు రంగు పూశాడని ఆయన తీర్పు. చూసినవాడు రాయలేదు, రాసినవాడు చూడలేదు అని విద్యార్థులకు ఏటేటా చెప్పేవారు. అయితే కేక పద్ధతి మాత్రం ఆయనకు నచ్చింది. జట్టులో ఒకరి వంతు పూర్తికాగానే తమ గొంతుతో ఆ మాటలే రికార్డు చేసి పంపాలి. తరువాతివారు తమ గొంతుతో "అందుకున్నాను" అని బదులివ్వాలి. ఆ తరువాతే పని మొదలుపెట్టాలి. దానికి అప్పగింత అని పేరు పెట్టారు. మనిషి ఎదుటివాడి రాతను పక్కన పెట్టగలడు గాని గొంతును పెట్టలేడు. ఆనాటినుంచి జట్లు పరుగెత్తాయి.

పరుగెత్తనిది ఒక్కతే ఉంది. ఆమె ఆయన ఇంట్లోనే ఉంది.

మేనకోడలు. ఇంట్లో పేరు పిచ్చుక. తల్లి ఓడల మీద ఇంజనీరు. సముద్రం మీదికి పోతూ, దీన్ని నీ చేతుల్లో పెడుతున్నాను, చదువు పూర్తిచేయించే పూచీ నీదేనని తమ్ముడికి మరీ మరీ చెప్పి వెళ్ళింది. పిల్ల తెలివికి కొదవలేదు. ఏ పనైనా రేపటికి నెట్టడంలోనే ఆ తెలివంతా ఖర్చుపెట్టేది. కుంచం నిండా నిద్ర పోసుకుని పుట్టిందని మాస్టారు ఆడిపోసుకుంటే, నిద్రపోయేవాళ్ళే చరిత్రలో యుద్ధాలు చెయ్యలేదు మామయ్యా అని ఎదురు తగిలేది. ఈ కోర్సు గట్టెక్కితే పట్టా వస్తుంది. పట్టా వస్తే మ్యూజియంలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. గట్టెక్కకపోతే ఏడాది గంగలో కలిసినట్టే.

ఆమె జట్టులో ఒక లారీ డ్రైవరు, ఒక నర్సు, పిచ్చుక, ఉద్యోగం దొరికి కోర్సు వదిలేసిన మరొకడు. నలుగురు లేని జట్టును రద్దుచేయాలని నిబంధన. మిగతా జట్లన్నీ నిండుగా ఉన్నాయి. మాస్టారు కొంతసేపు నిబంధన వైపు చూశారు, కొంతసేపు మేనకోడలి వైపు చూశారు. చివరకు లేని విద్యార్థిని ఒకణ్ణి పుట్టించి, నాలుగోవాడు అని పేరు పెట్టి, జట్టులో చేర్చారు. వాడి వంతు పని ఆయనే చేశారు. అప్పగింత రికార్డు చేయవలసి వచ్చినప్పుడు తన గొంతు పిల్ల గుర్తుపడుతుందని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, బొంగురుగా పలికారు.

పైగా ఆ జట్టుకు ఆయన ఇచ్చిన వ్యాసాంశం బురుజు కథే. ఆధారాల్లో పొల్లు ఏదో గింజ ఏదో చెరిగి చూపగల మనిషికి, తాను చేస్తున్నది ఆ ముగ్గురూ చేసిన పనేనన్న సంగతి తట్టలేదు. ఎవరి వీపు వారికి కనబడదు.

మొదటి చుట్టు హాయిగా సాగింది. డ్రైవరు తన అప్పగింతలో, నర్సమ్మగారూ మీ వంతు వచ్చిందని చెప్పి చివర హారను కూడా మోగించాడు. నర్సు ఒకసారి, నాలుగో ఆయన గొంతు వింటుంటే ముందు దగ్గుమందు పట్టించాలనిపిస్తోందని చమత్కరించింది. మా నాలుగోవాడు నీకంటే చాదస్తపు ముసలాడు మామయ్యా అని పిచ్చుక భోజనం దగ్గర చెబితే, మాస్టారికి పొలమారింది. తన వంతు మాత్రం ఆమె ఈడ్చి ఈడ్చి, నాలుగోవాడు రెండుసార్లు కసిరాక గాని ముగించలేదు. తువ్వాలు చాటున కసరడం మాస్టారికి, నిజం చెప్పాలంటే, సరదాగా ఉండేది. గురువుగా అనరాని మాటలు నాలుగోవాడి నోట అనేయవచ్చు.

రెండో చుట్టు మొదలుపెట్టవలసిన వేళకు మాస్టారికి జ్వరం తగిలి అప్పగింత రికార్డు చేయలేదు. మరునాడు లేచి చూస్తే అది వెళ్ళిపోయి ఉంది. డ్రైవరు "అందుకున్నాను" అని బదులు కూడా ఇచ్చాడు.

మాస్టారు ఆ రికార్డును పెట్టి విన్నారు. మొదట గాలి. ఎత్తైన చోట వీచే గాలి. దాని వెనక రాతి మీద ఏదో ఒరుసుకుంటున్న చప్పుడు. ఆ తరువాత గొంతు... తువ్వాలు అడ్డం పెట్టిన తన గొంతే. నా వంతు తీరింది. నీ వంతు వచ్చింది. మాటకూ మాటకూ మధ్య గుటక వేయబోయి వేయలేని శబ్దం.

జ్వరం మత్తులో తానే రికార్డు చేసి మరిచిపోయి ఉంటానని అనుకున్నారు. పక్క కుర్చీ మీద వేలాడవలసిన తువ్వాలు అక్కడ లేదు. చాకలికి పోయి ఉంటుందని అదీ సర్దుకున్నారు.

డ్రైవరు చచ్చిపోయాడన్న కబురు నర్సు ద్వారా తెలిసింది. సరుకు దించే ఆవరణలో, పట్టపగలు, పక్క లారీలవాళ్ళు అన్నానికి పోయిన సమయంలో జరిగింది. లోడు మీద కప్పిన టార్పాలిన్ విప్పేందుకు పైకెక్కినవాడు సిమెంటు నేల మీద తల పగిలి పడి ఉన్నాడు. పడటానికి ముందే వేళ్ళన్నీ మణికట్టు వైపుకు విరిచి ఉన్నాయట. రెండు చేతులూ విప్పిన గొడుగు ఊచల్లా ఉన్నాయని చూసినవాళ్ళు చెప్పుకున్నారు. గొంతు ఎముక నలిగి పొడి అయింది. లారీవాళ్ళ మధ్య పాత కక్షలు ఉంటాయని పోలీసులు ఇద్దరిని పట్టుకుపోయారు.

మాస్టారు ఆ పూట అన్నం ముట్టలేదు. అయినా ఆయన బుద్ధి ఆయన మాట వింది. ఒక్క సంఘటన ఆధారం కాదు. ఎవడో చదివినవాడు, కథ తెలిసినవాడు చేసిన హత్య కావచ్చు. కోర్సు నిర్వాహకులకు కబురు పెట్టి, నాలుగోవాడి ఖాతా దొంగచేతుల్లో పడిందని మాత్రం చెప్పారు. అది తన సృష్టేనని చెప్పలేదు. చెబితే జట్టు రద్దవుతుంది, పిల్ల ఏడాది పోతుంది. రేపు చూద్దామని వాళ్ళు జవాబిచ్చారు. రేపు అన్న మాట ఆ ఇంట్లో కొత్త కాదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం నుంచే ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. సాయంత్రానికి ముసురు పట్టింది. మాస్టారు పాఠాల గదిలో దీపం వేసుకుని కూర్చున్నారు. కింద వంటింట్లో పిచ్చుక రేడియోకు గొంతు కలిపి పాడుతోంది. ఎదుటి కొట్లో గాలిపంపు ఊపిరి పీలుస్తోంది, వదులుతోంది. అప్పుడు ఫోను మోగింది. నర్సు.

ఆమె గుసగుసగా మాట్లాడింది. "మాస్టారూ, నేను ఆసుపత్రి మేడమీద ఉతికిన దుప్పట్లు పెట్టే గదిలో ఉన్నాను. తలుపు వేసుకున్నాను."

ఏమైందని ఆయన అడిగారు.

"నాలుగో ఆయన నాకు అప్పగింత పంపాడు. నా వంతు కాదు కదా, డ్రైవరుగారిది కదా... పోయినాయన వంతు నాకు పంపాడేమో అనుకుని అందుకున్నానని చెప్పాను. తప్పా మాస్టారూ?"

మాస్టారు ఫోనును చెవికి అదిమిపెట్టి లేచి నిలబడ్డారు.

"ఎవరో గోడెక్కుతున్నారు. బయటినుంచి. ఇక్కడ మెట్లు లేవు, గొట్టాలు కూడా లేవు. అరచేతులతో కొట్టుకుంటూ ఎక్కుతున్నట్టుంది. వినండి..."

ఆమె ఫోను కిటికీ వైపు చాపి ఉంటుంది.

చప్.

తడి గోడ మీద తడి చెయ్యి పడిన చప్పుడు. కాస్త ఆగి మరొకటి. చప్... చప్... పట్టు దొరకని చేతులు. పట్టుకోవడానికి వేళ్ళు లేని చేతులు.

పారిపొమ్మని మాస్టారు అరిచారు. నిజంగానే అరిచారు. అద్దం పగిలింది. నర్సు వేసిన కేక సగంలో తెగింది. ఆ తరువాత వినబడింది ఎండు పుల్లలు విరిచే చప్పుడు. ఒకటి... మళ్ళీ ఒకటి. ప్రతి దానికీ నడుమ ఆమె ముక్కుతో మూలిగింది. నోటికి ఏదో అడ్డం పెట్టినట్టున్నారు. వద్దు అన్న మాట కూడా ముక్కుతోనే వచ్చింది. విరవడం హడావిడిగా సాగలేదు. పని నేర్చినవాడు పని చేసినట్టు, ఒక చెయ్యి పూర్తయ్యాక రెండోది. చివర బరువైన నీళ్ళబిందెను నున్నని నేలమీద ఈడ్చినట్టు శబ్దం. కిందెక్కడో, చాలా కింద, రేకు కప్పు మీద ఏదో పడింది. జనం అరుపులు.

ఫోనులో ఎవరో ఊపిరి పీల్చారు. తరువాత మాస్టారికి తన గొంతే, తువ్వాలు చాటు గొంతు, తాపీగా వినబడింది.

"నా వంతు తీరింది."

మిగతా సగం చెప్పకుండా ఫోను ఆగిపోయింది.

జట్టులో మిగిలింది ఒక్కతే.

మాస్టారు నాలుగోవాడి ఖాతాను చెరిపేశారు. తెరమీద పేరు మాయమైంది. సభ్యుల పట్టీలో మాత్రం నాలుగు అన్న అంకె అలాగే ఉంది. ఆ క్షణంలోనే, ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం ఆయనకు మొదటిసారి అర్థమైంది. ఆ ముగ్గురూ చచ్చింది చంపినందుకు కాదు. చచ్చినవాడికి చోటు అట్టేపెట్టి, గొంతు అరువిచ్చినందుకు. అరువు తెచ్చుకున్న గొంతుతో వాడు ఇంకా తన వంతు కాస్తున్నాడు. బదులు పలికినవాణ్ణి దించడానికి వస్తున్నాడు...

ఆయన మెట్లు దూకుతూ కిందికి పోయారు. పిచ్చుక వంటింటి గట్టుమీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. చేతిలో ఫోను, ముఖంలో కొత్త బుద్ధి.

"రా మామయ్యా, చూసి సంతోషించు. నాలుగోవాడు నాకూ పంపాడు. నువ్వు గొణగకముందే, ఇవాళే, ఇప్పుడే బదులిచ్చేస్తున్నా."

బొటనవేలు తెర మీదికి దిగుతోంది. మాస్టారు ఆ ఫోనును గుంజుకుని నేలకేసి కొట్టారు. పగలకపోతే రోకలిబండ తీసి మళ్ళీ కొట్టారు. అద్దం పెంకులు వంటింటి నిండా చెదిరాయి. పిల్ల బిత్తరపోయి చూసింది. పుట్టి బుద్ధెరిగాక మామయ్య చెయ్యెత్తడం ఆమె చూడలేదు.

పిచ్చి పట్టిందా నీకు అని ఆమె అడగబోతుండగా మేడమీదినుంచి వినబడింది. కంప్యూటరు స్పీకర్లలోంచి. గాలి... రాతి ఒరిపిడి... గొంతు.

"పిచ్చుకా. నా వంతు తీరింది. నీ వంతు వచ్చింది."

ఇంటిపేరు కాదు, బడిపేరు కాదు. ఇంట్లో పిలిచే పేరు.

"ఎవరు మామయ్యా పైన?" పిల్ల గుసగుసలాడింది.

మాస్టారు ఆమె నోరు అరచేత్తో మూశారు. ఒక్క మాట కూడా పలకవద్దని, సైకిలు కొట్టుకు పొమ్మని, తను పిలిచినా సరే లోపలికి రావద్దని చెవిలో చెప్పారు. ఎందుకో చెప్పే వ్యవధి లేదు. చెబితే నమ్మే పిల్లా కాదు. అలా పెంచింది తానే. వానలోకి నెట్టి, తలుపు గడియ వేశారు. బయట ఆమె తలుపు బాదింది. ఆ చప్పుడు వెనక మరొక చప్పుడు.

చప్.

ఇంటి వీధిగోడ మీద. వాడు పైకి ఎక్కుతున్నాడో, పిల్ల ఉన్నవైపు దిగుతున్నాడో ఆయనకు తెలియలేదు. బదులు రాలేదు గనుక పిలుస్తూనే ఉంటాడు. పిచ్చుకా... పిచ్చుకా... ఎప్పుడో ఒకప్పుడు, ఏ నిద్రమత్తులోనో, పిల్ల ఊఁ అంటుంది. అక్క చేతుల్లో పెట్టిన పిల్ల...

మాస్టారు మేడెక్కారు. పాఠాల గది నిండా తడిసిన పాత సున్నం వాసన, దాని అడుగున తుప్పు వాసన. కాగితాలు ఎగిరిపోకుండా పెట్టే ఇనప దిమ్మను కుడిచేత పట్టుకుని, కంప్యూటరు ముందు నిలబడ్డారు. తువ్వాలు అడ్డం లేకుండా, పాఠం చెప్పే గొంతుతో, స్పష్టంగా పలికారు.

"అందుకున్నాను."

ఎదుటి కొట్లో గాలిపంపు ఆగిపోయింది.

కిటికీ అద్దానికి ఒక చెయ్యి అతుక్కుంది. వేళ్ళు వెనక్కి మడిచి ఉండటం వల్ల అరచెయ్యి ఒక్కటే, పచ్చి మాంసపు ముద్దలా, అద్దాన్ని నొక్కింది. పక్కనే రెండోది. అద్దం చిట్లింది... లోపలికి జారిపడినది నిలబడటానికి కొంతసేపు పట్టింది. మెడ ఒక పక్కకు వాలి ఉంది. ముఖానికి, కళ్ళ కిందినుంచి గడ్డం దాకా, మాస్టారి తువ్వాలు.

ఆయన ఇనప దిమ్మతో తలమీద కొట్టారు. ఇసక మూటను కొట్టినట్టయింది. మళ్ళీ కొట్టారు. తువ్వాలు లోపలికి దిగబడింది, అంతే. మూడోసారి ఎత్తిన చేతిని వాడు రెండు మణికట్ల నడుమ పట్టుకున్నాడు. పళ్ళతో చిటికెన వేలు పట్టుకుని వెనక్కి వంచాడు.

టప్ మంది.

మాస్టారు అరిచారు. రెండో వేలు. తువ్వాలు గుడ్డ పొరలోంచి పళ్ళు తగులుతున్నాయి. మోకాలితో పొడిచారు, పుస్తకాల బీరువాకేసి ఈడ్చి కొట్టారు, బీరువా ఇద్దరి మీదా కూలింది. పుస్తకాల కిందనే వాడు పని సాగించాడు. మూడో వేలు... నాలుగో వేలు... బొటనవేలిని కీలులోంచి ఊడదీశాడు. తరువాత ఎడమచెయ్యి. తాను అంతటి గొంతు పెట్టుకుని అరవగలనని మాస్టారు ఎన్నడూ అనుకోలేదు. వాడికి కావలసింది ఆ గొంతేనన్నట్టు, చివరి వేలు విరిగాక, మోచేతిని ఆయన కుత్తుక మీద ఆనించి, బరువంతా వేశాడు. మెడలో ఏదో నలిగింది. కేక సగంలో ఆగింది. మిగతా సగం ఆయన నోటినుంచి కాదు, తువ్వాలు వెనకనుంచి వచ్చింది.

ఆ తరువాత మెట్లు. ఒక్కొక్క మెట్టూ వీపుకు తగిలింది...

ఎదుటి కొట్టువాడు, పిచ్చుక కలిసి తలుపు బద్దలుకొట్టి లోపలికి వచ్చేసరికి మెట్ల కింద మాస్టారు నెత్తుటి మడుగులో ఉన్నారు. మేడమీద ఎవరూ లేరు. కిటికీ పగిలింది గనుక దొంగ అన్నారు పోలీసులు. పిల్లకు చిన్న గీత కూడా పడలేదు. ఆసుపత్రిలో స్పృహ వచ్చినప్పుడల్లా మాస్టారు వెతుక్కున్నది ఆ ఒక్క ముఖాన్నే. అది కనబడేది. అదే పదివేలనుకుని మళ్ళీ కళ్ళు మూసుకునేవారు.

తరువాత ఇంటికి తెచ్చి మేడమీద పడకగదిలో పడుకోబెట్టారు. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. మెడ చుట్టూ పట్టా, అటూ ఇటూ తిరగకుండా. గొంతు ఎప్పటికైనా రావచ్చునని, రాకపోనూ వచ్చునని డాక్టరు చెప్పాడు. చెప్పడానికి నోరు లేదు, రాయడానికి చేతులు లేవు, ఆడించడానికి తలైనా లేదు.

పిచ్చుక మారిపోయింది. వేళకు మందు, వేళకు గంజి. మామయ్య కళ్ళల్లో ఏదో చెప్పాలన్న ఆరాటం ఆమెకు కనబడింది. చెబుదువుగాని, తొందరేముంది, అట్టముక్క మీద అక్షరాలన్నీ రాసి తెస్తాను, నేను ఒక్కొక్కదాని మీద వేలు పెడతాను, నువ్వు కన్ను మూస్తే ఆ అక్షరం రాసుకుంటాను అంది. మంచి ఉపాయం. మాస్టారు రెండు కళ్ళూ గట్టిగా మూసి తెరిచారు. ఇప్పుడే అన్నట్టు.

"రేపు చేస్తా మామయ్యా. ఇవాళ వంటింట్లో పని కొండంత ఉంది."

అంటూ కిందికి దిగిపోయింది. సాయంత్రపు ఎండ గోడమీద పసుపుపచ్చగా పడింది. వీధిలో పిల్లలు బంతి ఆడుతున్నారు. ఎదుటి కొట్లో గాలిపంపు ఊపిరి పీలుస్తోంది, వదులుతోంది. మాస్టారు దాన్ని వింటూ పడుకున్నారు.

అప్పుడు ఎక్కడినుంచో తడిసిన సున్నం వాసన...

పలచని గోడకు అవతల, పాఠాల గదిలో, కుర్చీ కదిలింది. ఎవరో గొంతు సవరించుకున్నట్టు దగ్గు. తరువాత గొంతు. తువ్వాలు చాటు గొంతు కాదు. బొంగురు లేదు, వణుకు లేదు. ఇన్నేళ్ళూ పాఠాలు చెప్పిన గొంతు, పిల్లను ఉయ్యాలలో ఊపిన గొంతు.

"పిచ్చుకా... నా వంతు తీరింది. నీ వంతు వచ్చింది."

కింద గిన్నె జారి పడింది. మాస్టారు తలను వెనక గోడకేసి కొట్టుకున్నారు. మెడపట్టా అడ్డుపడినా కొట్టుకున్నారు. గోడకు అవతలినుంచి, జవాబుగా, అరచెయ్యి ఒకటి తగిలింది. చప్.

కిందినుంచి పిల్ల గొంతు, నవ్వూ ఏడుపూ కలిసిపోయి వినబడింది.

"గొంతొచ్చిందా మామయ్యా! రాగానే కసరడమేనా? అందుకున్నాను, అందుకున్నాను. ఇదిగో వస్తున్నా, రేపు కాదు, ఇప్పుడే."

మెట్లమీద ఆమె అడుగులు మొదలయ్యాయి. తేలిగ్గా, పరుగులాంటి అడుగులు.

ఎదుటి కొట్లో గాలిపంపు ఆగిపోయింది.